కూల్చడానికి వేసిన లెక్క

2024 డిసెంబరు 4 ఉదయం ములుగు ప్రాంతంలో 5.3 తీవ్రతతో వచ్చిన భూకంపం హైదరాబాదుకూ తెలిసింది. గోదావరీ లోయకు కంపం కొత్త కాదు. 1969 ఏప్రిల్‌లో భద్రాచలం ప్రాంతం ఇంతకన్న గట్టిగానే కదిలింది. గోడకు గోడ ఆనుకొని మేడలు లేచిన మా కృష్ణానగర్‌లో ఉండేవాడికి ఒక సందేహం సహజం. బీటలు వారిన ఎత్తైన కట్టడాన్ని ఇరుగుపొరుగుకు దెబ్బ తగలకుండా కూల్చేదెట్లా?

పత్రికలు దీన్ని ‘పేల్చివేత’ అంటాయి. ఆ మాట సరిపోదు. పేలుడు మందు స్తంభాలను మాత్రమే తెగ్గొడుతుంది. ఆపైన కట్టడాన్ని కూల్చేది దాని సొంత బరువే. అందుచేత పనంతా ముందే జరుగుతుంది. అడ్డుగోడలు తీసివేస్తారు. స్తంభాలకు రంధ్రాలు తొలిచి మందు కూరతారు. ముక్కలు ఎగరకుండా ఇనుపవల, దళసరి బట్ట చుడతారు. ఏ వరుస ముందు తెగాలో, ఏది తరువాతో లెక్క కడతారు. 2022 ఆగస్టు 28న నోయిడా జంట భవనాలకు సుమారు 3,700 కిలోల మందు, తొమ్మిది వేలకు పైగా రంధ్రాలు అవసరమయ్యాయి. అవి నేలకూలడానికి పట్టింది పది సెకన్ల లోపే.

భూకంపం తాకిన కట్టడంలో చిక్కు వేరు. ఏ స్తంభంలో ఎంత బలం మిగిలిందో పాత నక్షా చెప్పదు. రంధ్రం తొలిచే మనిషి నమ్మరాని కప్పు కింద నిలబడాలి. ఏ క్షణాన మరో కంపం వస్తుందో తెలియదు. న్యూజిలాండులోని క్రైస్ట్‌చర్చ్‌ను 2011 ఫిబ్రవరి 22న భూకంపం కుదిపింది. అక్కడ దెబ్బతిన్న 14 అంతస్తుల భవనమొకటి మందుతో కూలింది 2013 ఆగస్టులో.

తెలుగువారి గుండెకు దగ్గరి ఉదంతం చెన్నై శివారు మౌలివాక్కానిది. అక్కడ భూమి కంపించలేదు. 2014 జూన్ 28న, వానపడుతున్న సాయంత్రం, కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది మరణించారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్టకూటికై వలసపోయిన కూలీలు ఎందరో. పక్కనే మిగిలిన జోడు భవనమూ నమ్మదగినది కాదని తేలింది. 2016 నవంబరు 2న చుట్టుపక్కల వారిని ఖాళీ చేయించి, దాన్ని మందుపెట్టి కూల్చారు.

ఎవరూ లేని భవనాన్ని పడగొట్టడానికి స్తంభం స్తంభానికీ లెక్క వేశారు. దాని జోడు భవనంలో మనుషులు పని చేస్తున్నప్పుడు ఆ శ్రద్ధ ఉండి ఉంటే, ఎన్నో ఇళ్ళకు తండ్రులూ తల్లులూ తిరిగి వచ్చేవారు. భూకంపమనే నెపం కూడా లేని మరణాలవి. మన వీధిలో కొత్త అంతస్తు లేచేటప్పుడు పునాది ఎంత మోయగలదని అడగడం వారికి మనం తీర్చవలసిన ఋణం.