గ్రాఫిక్స్ కార్డుకు దుబాసీ ఎవరు?

ఈసారి కొంచెం చరిత్ర రాస్తున్నాను: లినక్స్‌లో గ్రాఫిక్స్ కార్డుల చరిత్ర.

ముందు ఒక పాత మాట నేర్చుకుందాం. దుబాసీ అంటే రెండు భాషలు తెలిసి, ఇద్దరి మధ్య మాట చేరవేసే మనిషి. పూర్వం మద్రాసులో ఇంగ్లీషు వర్తకులకు దుబాసీలు ఉండేవారు. ఇక్కడ సౌదీకి కొత్తగా వచ్చిన తెలుగువాళ్లకు కూడా అరబ్బీ తెలిసిన అన్న ఒకరు తోడు ఉండాలి. లేకపోతే కాగితం మీద ఏముందో తెలియకుండానే సంతకం పెట్టాల్సి వస్తుంది.

కంప్యూటర్‌లో ఆ దుబాసీ పేరు డ్రైవర్. లినక్స్‌కు ఒక భాష, గ్రాఫిక్స్ కార్డుకు ఇంకో భాష. డ్రైవర్ లేకపోయినా తెర మీద బొమ్మ కనిపిస్తుంది కానీ, కార్డులో ఉన్న అసలు శక్తి బయటికి రాదు.

2006 వరకు చాలామందికి ఈ తేడా పెద్దగా తెలియలేదు. ఆ సంవత్సరం నోవెల్ కంపెనీలో పనిచేసే డేవిడ్ రెవెమన్ కంపిజ్ అనే ప్రోగ్రామ్‌ను బయటపెట్టాడు. విండోను పట్టుకుని లాగితే జున్నులా వణికేది. డెస్క్‌టాప్ మొత్తం ఒక పెట్టెలా మారి గిర్రున తిరిగేది. పెట్టెకు నాలుగు పక్కలా నాలుగు డెస్క్‌టాప్‌లు! అదే ఏడాది సెప్టెంబరులో దాని నుంచి బెరిల్ అనే శాఖ విడిపోయింది. 2007లో రెండూ మళ్లీ కలిసి కంపిజ్ ఫ్యూజన్ అయ్యాయి. 2007 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 7.10లో, కార్డు సహకరిస్తే, ఈ హంగులు మొదటి నుంచే పనిచేసేవి.

ఇది ఎలా పనిచేస్తుంది? అంతకుముందు ప్రతి ప్రోగ్రామ్ తన విండోను నేరుగా తెర మీదే గీసేది. కంపిజ్ ప్రతి విండోను ముందు కనిపించని చోట, మెమరీలో ఒక బొమ్మగా ఉంచుతుంది. తరువాత ఆ బొమ్మలను గుడ్డలా వంచి, తిప్పి, తెర మీద పరుస్తుంది. వంచే పని, తిప్పే పని గ్రాఫిక్స్ కార్డుదే. కాబట్టి మంచి దుబాసీ లేకపోతే ఏదీ కదలదు.

చిక్కు అక్కడే వచ్చింది. లినక్స్ మెనూలను అరబ్బీలోకి తేవడానికి 2001లో అరబైస్ అనే బృందం మొదలైంది. హైదరాబాదులో స్వేచ్ఛ బృందం తెలుగు కోసం అదే పని చేసింది. ఇద్దరూ ఎవరి అనుమతీ అడగనక్కరలేదు, ఎందుకంటే లినక్స్ మూలం అందరికీ తెరిచే ఉంది. కానీ కార్డు భాష మాత్రం తాళం వేసిన పెట్టెలో ఉంది. ఎన్విడియా, ఏటీఐ కంపెనీలు తమ డ్రైవర్లను ఇచ్చేవి, కానీ లోపల ఏముందో చూడనిచ్చేవి కావు. ఇంటెల్ ఒక్కటే 2006 నాటికి తన డ్రైవర్లను తెరిచి ఇచ్చింది. అందుకే ఆ రోజుల్లో, ఖరీదైన కార్డు ఉన్నవాళ్లు కష్టపడుతుంటే, మామూలు ఇంటెల్ లాప్‌టాప్‌లో పెట్టె హాయిగా తిరిగేది.

మూసిన డ్రైవర్‌తో ఇంకో బాధ కూడా ఉంది. లినక్స్ కెర్నెల్ మారినప్పుడల్లా డ్రైవర్‌లోని కెర్నెల్ భాగాన్ని మళ్లీ కట్టాలి. కట్టకపోతే మర్నాడు కంప్యూటర్ తెరిచేసరికి బొమ్మలు ఉండవు, నల్ల తెర మీద తెల్ల అక్షరాలే ఉంటాయి.

2006లో ఏఎండీ కంపెనీ ఏటీఐని కొన్నది. 2007 సెప్టెంబరులో, కార్డుల భాషను వివరించే పత్రాలను అందరికీ ఇస్తామని ప్రకటించింది. నేను దీన్ని నిఘంటువు అచ్చువేయడంతో పోలుస్తాను. బ్రౌన్ దొర తెలుగు నిఘంటువు 1852లో అచ్చయింది. దుబాసీ వెళ్లిపోతే మాట ఆగిపోతుంది. నిఘంటువు ఉంటే ఎవరైనా కూర్చుని నేర్చుకోవచ్చు. మనమంతా అలా నేర్చుకుంటున్నవాళ్లమే కదా!

ఆ నిఘంటువు విలువ 2009లోనే తెలిసింది. ఆ ఏడాది ఏఎండీ తన మూసిన డ్రైవర్ నుంచి పాత కార్డులను తీసేసింది. రేడియాన్ ఎక్స్1950 దాకా ఉన్న కార్డులకు దుబాసీ పోయాడు. కానీ పత్రాలు చదివి రాసిన తెరిచిన డ్రైవర్ ఉంది కాబట్టి అవి మూలన పడలేదు. సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌తో సరిపెట్టుకుని, ప్రతి నెలా ఇంటికి డబ్బు పంపే మనిషికి ఇది చిన్న విషయం కాదు.

ఎన్విడియా అలాంటి నిఘంటువు ఇవ్వలేదు. అప్పుడు కొందరు ఔత్సాహికులు, కార్డుకు మాటలు పంపి, అది ఏం చేస్తుందో గమనించి, నూవో అనే డ్రైవర్ రాశారు. పుస్తకం లేకుండా, విని విని భాష పట్టుకున్నట్టు! 2010లో అది లినక్స్ కెర్నెల్‌లో చేరింది. 2012లో ఫిన్లాండ్‌లో ఒక సభలో లినస్ టోర్వాల్డ్స్ ఎన్విడియాను అందరి ముందు గట్టిగా తిట్టాడు. పదేళ్ల తరువాత, 2022 మేలో, ఎన్విడియా తన డ్రైవర్‌లోని కెర్నెల్ భాగాన్ని తెరిచింది. మిగతా భాగాలు ఇంకా మూసే ఉన్నాయి.

ఇప్పుడు సౌదీకి వద్దాం. జెడ్డాకు ఉత్తరాన, ఎర్ర సముద్రం ఒడ్డున తువాల్ అనే ఊరు ఉంది. అక్కడ కౌస్ట్ విశ్వవిద్యాలయం 2009లో మొదలైంది. దాని సూపర్ కంప్యూటర్ పేరు షాహీన్, అంటే డేగ. మూడవ షాహీన్ కోసం 2,800 ఎన్విడియా గ్రేస్ హాపర్ చిప్‌లు పెడుతున్నట్టు 2022లో చెప్పారు. ఈ చిప్‌ల విషయంలో ఎన్విడియా మాట స్పష్టంగా ఉంది: వీటికి తెరిచిన కెర్నెల్ భాగమే వాడాలి, పాత మూసినది పనిచేయదు.

ఒకప్పుడు జున్నులా వణికే విండో కోసం మామూలు మనుషులు అడిగింది ఇదే. ఇప్పుడు ఎడారి దేశంలోని ఆ పెద్ద యంత్రానికి కూడా తెరిచిన దుబాసీయే కావాలి.