కేడీ అనే మాట వెనుక

అల్లరి పిల్లాణ్ణి పట్టుకుని కూడా 'వీడు పెద్ద కేడీ' అనేస్తుంటాం. ఆ మాట పుట్టింది పోలీసు రికార్డుల్లో. 'నోన్ డెప్రెడేటర్'కు పొడి అక్షరాలు కే, డీ. అంటే ఇదివరకే తెలిసిన దొంగ. ఇంగ్లీషువాడు రాసి పలకని 'కే' మన నోట మాత్రం గట్టిగానే పలికింది.

మొదటి దొంగతనం తప్పు, రెండోది స్వభావం అన్న లెక్క 1860 శిక్షాస్మృతిలోనే ఉంది. మామూలు దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు. పాత శిక్ష ఉన్నవాడు మళ్లీ దొరికితే 75వ సెక్షను కింద ద్వీపాంతరం దాకా పంపే వీలుండేది.

మరి వీడే ఆ పాతవాడని తేల్చేదెలా? పేరు మార్చుకోవడం ఎంతసేపు! బెంగాల్లో కొన్నాళ్లు కొందరు ఖైదీల నుదుటి మీద పచ్చబొట్టు పొడిచారు. ఆ పద్ధతి 1849లో పోయింది. 1897లో కలకత్తాలో వేలిముద్రల బ్యూరో వెలిసింది. ఆ ఏడే జల్పాయిగురిలో ఒక తేయాకు తోట మేనేజరు హత్యకు గురయ్యాడు. అక్కడున్న బెంగాలీ పంచాంగం మీద గోధుమరంగు మరక, అందులో బొటనవేలి గుర్తు. పాత రికార్డులతో పోల్చి చూస్తే అది ఇదివరకు దొంగతనానికి శిక్షపడ్డ పాత నౌకరుది. కోర్టు మాత్రం ఆ ఒక్క ముద్రతో హత్య రుజువైనట్టు ఒప్పుకోలేదు, దొంగతనానికే శిక్ష వేసింది.

అతనికి కనీసం పాత కేసంటూ ఒకటుంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టానికి అదీ అక్కర్లేదు, పుట్టుకే చాలు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ నడిపిన సెటిల్‌మెంటు స్టువర్టుపురం. ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచి హాజరు తీసుకునేవారు, ఊరు దాటాలంటే అనుమతి. 1952 ఆగస్టు 31న దేశమంతటా ఆ చట్టం రద్దయింది. ఊరి పేరుకి అంటిన మచ్చను మన సినిమాలు ఇంకా అమ్ముకుంటూనే ఉన్నాయి. చట్టం స్థానంలో రాష్ట్రాలు అలవాటు నేరస్తుల చట్టాలు తెచ్చుకున్నాయి. పాత సీసాకు కొత్త చీటీ అంటాను నేను.

కోర్టు పద్ధతి మాత్రం మెచ్చుకోదగ్గది. 2024 దాకా అమల్లో ఉన్న 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ ప్రకారం, పాత శిక్షను కూడా అభియోగంలో చేర్చినప్పుడు, ఇప్పటి నేరం రుజువై దోషి అని తేలేదాకా మేజిస్ట్రేటు ముందు ఆ సంగతి ఎత్తకూడదు. స్టేషన్లో వరస వేరు. వీధిలో సైకిలు పోతే మొదట తిరగేసేది పాత నేరస్తుల హిస్టరీ షీటునే. 1958 ప్రొబేషన్ చట్టం కింద చిన్న దొంగతనానికి మందలించి వదిలేయవచ్చు, కానీ పాత శిక్ష రుజువైతే ఆ దారి మూసుకుపోతుంది.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత కొత్త దొంగకూ పాత దొంగకూ మధ్య ఈ తేడాను మరీ పెంచింది. నాలుగువేల రూపాయల ఫోను కొట్టేసినవాడికి అదే మొదటి శిక్షయితే, ఫోనో దాని విలువో తిరిగిచ్చాక సమాజ సేవ చేయిస్తారు. ఇదే నేరానికి పాత శిక్ష ఉన్నవాడు అదే ఫోను తీసి తిరిగిచ్చినా తక్కువలో తక్కువ ఏడాది, ఎక్కువలో అయిదేళ్లు, అదీ కఠిన శిక్ష.