కొమ్మలున్న గొలుసు

పొద్దున్నే చేతికొచ్చిన పాల ప్యాకెట్‌ను వేళ్ల మధ్య నలిపి చూడండి. మెత్తగా, జారుతున్నట్టు లొంగిపోతుంది. గట్టు మీది ప్లాస్టిక్ బిందె అలా లొంగదు. వేలితో కొడితే టక్కుమంటుంది. సాధారణంగా రెండూ పాలిథీనే. రెండింటికీ మూలం ఇథిలీన్ వాయువే. తేడా అంతా గొలుసు ఆకారంలో ఉంది.

1933 మార్చిలో ఇంగ్లండ్‌లోని విన్నింగ్టన్‌లో ఐసీఐ అనే రసాయన కంపెనీ శాస్త్రవేత్తలు ఎరిక్ ఫాసెట్, రెజినాల్డ్ గిబ్సన్ ఇథిలీన్‌ను బెంజాల్డిహైడ్‌తో కలిపి, మామూలు గాలి పీడనానికి వెయ్యి రెట్లకు పైగా ఒత్తిడిలో ఉంచారు. అనుకున్న చర్య జరగలేదు. పాత్ర విప్పితే మైనం లాంటి తెల్లటి పదార్థం కాస్త అంటుకుని కనిపించింది. ప్రపంచంలో మొదటి పాలిథీన్ పరిశ్రమ దానితోనే పుట్టింది. రెండో ప్రపంచ యుద్ధంలో ఆ పాలిథీన్ రాడార్ తీగలకు తొడుగైంది.

అంత ఒత్తిడిలో, వేడిలో పెరుగుతున్న గొలుసు కొస ఒక్కోసారి వెనక్కి మళ్లి తన ఒంట్లోంచే ఒక హైడ్రోజన్ పరమాణువును లాక్కుంటుంది. ఇక అక్కడి నుంచి పెరుగుదల మొదలై, ఆగిపోయిన కొస పక్కకొమ్మగా మిగులుతుంది. జొన్నచొప్ప మోపు కట్టిన చేతులకు ఇది చెప్పక్కర్లేదు: నిటారు దంట్లు ఒకదాన్నొకటి ఒరుసుకుని బిగుస్తాయి, కందికంప ఎంత తొక్కినా మధ్యలో ఖాళీలు పోవు. కొమ్మల గొలుసులూ అంతే, దగ్గరగా పేర్చుకోలేవు. అందుకే ఆ పాలిథీన్ తేలిక, మెత్తన. మరిగే నీళ్లు పోస్తే వంగిపోయేది.

కొమ్మల్లేని గొలుసు 1953లో జర్మనీలోని మ్యూల్‌హైమ్‌లో కార్ల్ జీగ్లర్ ప్రయోగశాలలో దొరికింది. నాకు ఈ కథలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇదే. అల్యూమినియం సమ్మేళనంతో ఇథిలీన్‌ను పొడవుగా అల్లాలని చూస్తుంటే, ఒకసారి రెండు అణువులు కలవగానే పని ఆగిపోయింది. వచ్చింది బ్యూటీన్. ఎందుకని తరచి చూస్తే, పాత్రలో ఎక్కడో మిగిలిన రవ్వంత నికెల్ కారణమని తేలింది. నికెల్ ఆపగలిగితే మరో లోహం ఏం చేస్తుందో అని ఒక్కొక్కటే పరీక్షించారు. టైటానియం దగ్గర మామూలు పీడనంలోనే పొడవైన, నిటారు గొలుసులు వచ్చాయి. అవి ఒత్తుగా పేరుకుని గట్టి పాలిథీన్ అయ్యాయి. మరిగే నీళ్లకూ తట్టుకున్నాయి. ఇటలీ శాస్త్రవేత్త జూలియో నట్టాతో కలిసి జీగ్లర్‌కు 1963లో నోబెల్ వచ్చింది.

తర్వాత నిటారు గొలుసుకే కొలత ప్రకారం పొట్టి కొమ్మలు అతికించడం నేర్చుకున్నారు. సాగినా చిరగని పల్చటి పొరకు అదే ఆధారం. పాల ప్యాకెట్లలో దాన్నీ కలుపుతారు. ఆ కొమ్మల కోసం ఇథిలీన్‌లో ఎక్కువగా కలిపేవాటిలో ఒకటి, ఆనాడు జీగ్లర్ ప్రయోగంలో అనుకోకుండా వచ్చిన బ్యూటీనే.