శాంతినికేతనంలో పొగడ మొక్క

శాంతినికేతనం నెలకొన్నది బీర్‌భూమ్ జిల్లా ఎర్రనేలలో. 1901లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడ ప్రారంభించిన పాఠశాలలో తరగతులు చెట్లనీడనే సాగేవి. 1928 జూలై 14న ఆయన వృక్షారోపణోత్సవాన్ని ప్రవేశపెట్టారు. కుండీలో పెరిగిన పొగడ మొక్కను, పంచభూతాలను ఆవాహన చేసి, నాటారు. మొక్కకు మట్టి, నీరు, వెలుగు, గాలి, ఆకాశం అన్నీ కావాలని పసివారికి ఇంతకన్న తేటగా బోధించే పాఠ్యపుస్తకం అరుదు.

ఆ సందర్భంలోనే ఠాగూర్ తన ‘బలాయి’ కథను చదివారు. తోటబాటలో మొలిచిన బూరుగు మొక్క ఎదుగుదలను తల్లిలేని బాలుడు బలాయి నిత్యం గమనిస్తుంటాడు. దారికి అడ్డమని పెరికించబోయిన పినతండ్రిని పినతల్లిచేత వారిస్తాడు. కొన్నేళ్లకు అతడు సిమ్లాలో ఉండగా ఆ చెట్టును కొట్టించివేశారు. అది తెలియని బలాయి తన బూరుగు చెట్టు ఛాయాచిత్రం పంపమని జాబు వ్రాశాడు. పినతల్లి రెండు రోజులు అన్నం ముట్టలేదు.