ఇంటర్నెట్‌లో ఎవరికి ఎకరాలు, ఎవరికి సెంట్లు

పోయిన ఏడాది మా కంప్యూటర్ గదిలో పన్నెండు మందిమి ఒక క్విజ్ పోటీకి పేర్లు నమోదు చేసుకోడానికి కూర్చున్నాం. ఐదుగురివి అయ్యాయి. ఆరో పేరు నాది. ఈ చిరునామా నుండి ఇప్పటికే చాలా పేర్లు వచ్చాయని తెర మీద పడింది. పన్నెండు కంప్యూటర్లకు ఒకే చిరునామా ఎట్లా అవుతుందని సార్‌ని అడిగాను. బడి మొత్తానికి బయట కనబడే ఐపీ చిరునామా ఒక్కటేనని, అవి కరువై అందరూ పంచుకుంటున్నారని చెప్పారు. అంకెలకు కరువేమిటని వింతగా అనిపించి చదవడం మొదలుపెట్టాను.

1977లో వింట్ సెర్ఫ్ వాళ్ళకు ఇంటర్నెట్ ఒక ప్రయోగం మాత్రమే. చిరునామాకు 32 బిట్లు చాలనుకున్నారు. 1981లో ఐపీవీ4 నియమాలు అట్లే వెలువడ్డాయి. మొత్తం సుమారు 429 కోట్ల చిరునామాలు. ఎవరికి ఏది ఇచ్చారో జాన్ పోస్టెల్ అనే ఆయన లెక్క రాసేవారు. అప్పట్లో మూడే కొలతలు: 256, 65,536, లేదంటే 1.67 కోట్లు! 300 కావాలన్నవారికి 256 చాలవు కాబట్టి 65,536 ఇచ్చేవారు. ఎంఐటీ, ఫోర్డ్, ఆపిల్ లాంటివాళ్ళకు పెద్ద ముక్కలు దక్కాయి. మన దేశంలో జనానికి ఇంటర్నెట్ వచ్చిందే 1995 ఆగస్టు 15న. ఇది చెప్తే మా జేజినాయన, "ముందొచ్చినోళ్ళకి ఎకరాలు, మనకి సెంట్లా?" అన్నాడు.

1993 నుండి కావలసినంతే కోసి ఇచ్చే పద్ధతి వచ్చింది. ఆసియాకు ఏప్నిక్, ఉత్తర అమెరికాకు ఆరిన్ లాంటి సంస్థలు ఏర్పడ్డాయి. ఎన్ని యంత్రాలున్నాయి, ఇంకెన్ని రాబోతున్నాయి అని లెక్క చూపిస్తేనే ఇచ్చేవారు. రేషన్ కార్డులో లేని మనుషుల్ని రాయించినట్టు ఇక్కడా జరిగింది. అమెరికాలో ఒకాయన ఉత్తుత్తి కంపెనీల పేర్లతో ఏడు లక్షలకు పైగా చిరునామాలు సంపాదించి కోర్టులో నేరం ఒప్పుకున్నాడు.

2011 ఫిబ్రవరి 3న ప్రపంచ నిల్వలోని చివరి ఐదు పెద్ద ముక్కలు పంచేశారు. ఏప్రిల్‌లో ఏప్నిక్ తన చివరి ముక్కకు వచ్చింది. ఇప్పుడు ఆసియాలో కొత్త సభ్యుడికి ఇచ్చేది గరిష్ఠంగా 512.

అదే 2011లో దివాలా తీసిన నార్టెల్ కంపెనీ దగ్గర మైక్రోసాఫ్ట్ 6,66,624 చిరునామాలు కొంది. ధర 75 లక్షల డాలర్లు, అంటే ఒక్కోటి 11 డాలర్లకు పైనే. 2017లో ఎంఐటీ కూడా తన వాటిలో లక్షల కొద్దీ అమ్ముకుంది. అమ్మకం వల్ల వాడనివి వాడేవారికి చేరాయనేది నిజమే. కానీ నాకు స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమే నచ్చింది. 2000లోనే తన 1.67 కోట్ల ముక్కను వెనక్కి ఇచ్చేసింది.

128 బిట్ల ఐపీవీ6 వచ్చి పాతికేళ్ళు దాటింది. అందులో కరువన్న మాటే లేదు. అయితే పాత చిరునామా ఒక్కటే ఉన్న యంత్రం దానితో నేరుగా మాట్లాడలేదు. అందుకే పాతవాటి కోసం ఇంకా పాకులాట.

ఆ సాయంత్రం సార్ తన ఫోన్ ఇచ్చారు. అందులోనూ ఐదుగురివే పట్టాయి, నాది అందులో మొదటిది. వేరే ఫోన్ వెతికేలోపు గడువు దాటిపోయింది. ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు మిగిలిపోయారు.