పైసలు లేనివాళ్లు కట్టుకున్న బండి



పోయిన జుమా రోజు నమాజు నుంచి ఇంటికి రాగానే మా ఆపా ఫోన్ చేసింది. "చూడు బాబూ, నీ భాంజాకి నువ్వైనా నచ్చజెప్పు. చదువు పూర్తయింది, ఉద్యోగం చూసుకోమంటే మీ బావ వదిలిపోయిన ఆ డొక్కు జీపు ముందు కూర్చున్నాడు. లక్షన్నర జమ చేసుకున్నాడట, మొత్తం దాని మీదే పెడతానంటున్నాడు. మీ బావ బట్టలకంటిన గ్రీజు ఇరవై ఏళ్లు ఉతికాను నేను. అది వాడికి అంటకూడదనే కదా చదివించింది!"

మర్హూమ్ మా బావ మిస్త్రీ. ఆ జీపు వెనుక భాగం కోసి, ఇనుప డబ్బా బిగించి పికప్‌గా మార్చుకున్నారు. మా ఖాందాన్‌లో ఏ నికా జరిగినా డేగ్‌లు, షామియానా సామాన్ అందులోనే వచ్చేవి. ఆయన పోయాక అది వేపచెట్టు కింద నిలిచిపోయింది.

భాంజాతో మాట్లాడితే వాడు ఫోన్‌లో అమెరికా వీడియోలు చూపించాడు. అక్కడి కుర్రాళ్లు 1950ల నాటి ఫోర్డ్, షెవర్లే పికప్‌లను తుక్కు దుకాణాల్లోంచి లాక్కొచ్చి, తక్కువ ఖర్చులో నిలబెడుతున్నారు. "అక్కడ దీన్ని క్లాసిక్ అంటారు మామూ. ఇక్కడ కబాడీ అంటారు" అన్నాడు.

ఆ మాట మనసులో గుచ్చుకుంది. అందుకే ఈసారి పికప్ బండి తారీఖ్ రాస్తున్నాను. ఇందులో మన ఇళ్ల కహానీ కూడా ఉంది.

రైతు రంపం, కంపెనీ అచ్చు

1908లో హెన్రీ ఫోర్డ్ మోడల్ టీ కారు బజారులోకి తెచ్చినప్పుడు దాని ధర 850 డాలర్లు. తర్వాతి ఏళ్లలో ధర దిగుతూ వచ్చింది, పల్లెటూరి రైతులూ కొనడం మొదలుపెట్టారు. అయితే రైతుకి మనుషులు కూర్చునే బండితో వారానికి ఒక రోజే పని. మిగతా రోజులన్నీ పాలక్యాన్లు, బస్తాలు, కోళ్ల బుట్టలు. రెండు బండ్లు కొనే తాహతు లేదు. దాంతో వెనుక సీటు పీకేసి, కొందరైతే వెనుక భాగమే కోసేసి, చెక్క పెట్టె బిగించుకున్నారు. ఇంకొందరు వెనుక చక్రాన్ని జాకీ మీద లేపి, దానికి బెల్టు తగిలించి రంపం మిషన్ తిప్పారు, నీళ్లు తోడారు.

1917లో ఫోర్డ్ కంపెనీ మోడల్ టీటీ పేరుతో ఒక టన్ను బరువు మోసే ఛాసిస్ అమ్మింది. ధర 600 డాలర్లు. ఛాసిస్ వరకే కంపెనీది, పైన డబ్బా కొన్నవాడే కట్టించుకోవాలి. మన దగ్గర లారీ ఛాసిస్ కొని విజయవాడ ఆటోనగర్‌కి తీసుకెళ్లి బాడీ కట్టించుకున్నట్టే.

చివరికి 1925లో ఫోర్డ్ ఫ్యాక్టరీలోనే బిగించిన ఇనుప తొట్టితో మోడల్ టీ పికప్ వచ్చింది. ధర 281 డాలర్లు. తొలి ఏడాదే దాదాపు 34 వేలు అమ్ముడుపోయాయి. పుస్తకాల్లో పికప్ పుట్టిన రోజుగా రాసేది దీన్నే. కానీ ఆ వరస గమనించండి. ముందు రైతు కోశాడు, అతికాడు, వాడి చూపించాడు. ఆ తర్వాతే కంపెనీ దాన్ని అచ్చు పోసింది. పికప్ అనే ఖయాల్ రెండు బండ్లు కొనలేని మనిషి బుర్రలో పుట్టింది. తంగీ నేర్పిన హునర్ అది.

కాగితాల మీద జీప్ కూడా ట్రక్కే

రెండో ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యం కోసం విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి 6 లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. సైన్యం కాగితాల్లో దాని హోదా కారు కాదు. అందులో రాసుకున్నది పావు టన్ను ట్రక్కు అని. ముందు అద్దం మడతపెట్టొచ్చు, డోర్లు లేవు, పైకప్పు గుడ్డది. నాలుగు పానాలు ఉంటే చాలు, చెట్టు కింద విప్పి మళ్లీ బిగించొచ్చు. 2.2 లీటర్ల పెట్రోల్ ఇంజన్, 60 గుర్రాల తాకత్.

యుద్ధం అయిపోయాక ఎన్నో దేశాల్లో ఈ జీపులు మిగిలిపోయాయి. ఫిలిప్పీన్స్‌లో మనీలా మిస్త్రీలు వాటి వెనుక భాగాన్ని సాగదీసి, రెండు వైపులా బెంచీలు వేసి, రంగులు పూసి జీప్నీలుగా మార్చారు. యుద్ధంలో కూలిపోయిన నగరానికి ఆ తుక్కు బండ్లే సవారీ అయ్యాయి. మన దేశంలోనూ సైన్యం వేలంలో వదిలించుకున్న జీపులు ఊళ్లకు చేరాయి.

బోర్డు మీద ఒక పేరు

ఇక్కడ మన పిల్లలకు చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. 1945 అక్టోబరు 2న లూధియానాలో ఉక్కు వ్యాపారం కోసం ఒక కంపెనీ మొదలైంది. దాని పేరు మహీంద్రా అండ్ మొహమ్మద్. జె.సి. మహీంద్రా, కె.సి. మహీంద్రా అన్నదమ్ములతో పాటు అందులో భాగస్వామి మాలిక్ గులామ్ ముహమ్మద్. లాహోర్ మనిషి, అలీగఢ్‌లో చదివారు, లెక్కల్లో దిట్ట. హైదరాబాద్ నిజాం సర్కారులో ఫైనాన్స్ బాధ్యతలు చూసినాయన కూడా.

1947లో మన దేశంలో విల్లీస్ జీపుల కూర్పుకు ఆ కంపెనీ పూనుకుంది. అదే ఏడు తక్సీమ్ వచ్చింది. గులామ్ ముహమ్మద్ పాకిస్తాన్ వెళ్లిపోయి అక్కడ మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు, 1951లో గవర్నర్ జనరల్ అయ్యారు. ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. ఎం అండ్ ఎం అన్న అక్షరాలు మాత్రం అలాగే నిలిచిపోయాయి.

ఆయన్ని వలీగా చూపించడం నా మక్సద్ కాదు. 1954లో పాకిస్తాన్ రాజ్యాంగ సభను రద్దు చేసిన మనిషి ఆయనే. నేను చెప్పేది వేరే. బోర్డు మీది ముహమ్మద్ సరిహద్దు దాటి వెళ్లిపోయారు. బానెట్ కింద తలపెట్టిన ముహమ్మద్‌లు ఇక్కడే ఉండిపోయారు. ఆ మొదటాయన పేరు తారీఖ్‌లో ఉంది. వీళ్ల పేర్లు ఎక్కడా లేవు.

జట్కా నుంచి జీప్ దాకా

మన ఊళ్లలో జట్కా తోలింది ఎక్కువగా సాహెబులే. గుర్రాలకు నాడాలు కొట్టిన నాల్‌బంద్‌లు మనవాళ్లే, ఇప్పటికీ కొన్ని ఖాందాన్‌లకు అది ఇంటిపేరు. జట్కాల జమానా దిగిపోయాక వాళ్ల పిల్లల్లో ఎందరో లారీల మీద క్లీనర్లుగా ఎక్కారు, షెడ్లలో షాగిర్ద్‌లుగా చేరారు. స్కూలు ఫీజు కట్టలేని ఇంట్లో పిల్లవాడికి ఉస్తాద్ దగ్గర ఫీజు ఉండదు. మధ్యాహ్నం అన్నం పెట్టి, సాయంత్రం చేతిలో కొంత పెట్టేవాడు. 2006 నాటి సచార్ కమిటీ నివేదిక కూడా చెప్పింది ఇదే. మిగతావాళ్ల కంటే ముస్లింలలో సొంత చేతిపని మీద బతికేవాళ్ల వాటా ఎక్కువ.

రాయలసీమ పల్లెలకు బస్సు లేని చోట జీపే బస్సు, జీపే అంబులెన్స్, జీపే పెళ్లిబండి. 1973 తర్వాత పెట్రోల్ ధర మండిపోయినప్పుడు, పెట్రోల్ ఇంజన్ దించి డీజిల్ ఇంజన్ ఎక్కించే పని మన మిస్త్రీలకు రిజ్క్ అయింది. ఇంజన్ పట్టీలు కొత్త చోట వెల్డింగ్ చేయాలి, గేర్‌బాక్సుకి ఇంజన్‌కి మధ్య ప్లేటు లేత్ మీద తిప్పించాలి, డీజిల్ బరువుకి ముందు కమాన్‌కి ఒక పట్టీ ఎక్కించాలి. ఇదంతా నక్షా లేకుండా, వేలితో కొలిచి, సుద్దముక్కతో గీసి చేసినవాళ్లు వాళ్లు. సామాన్ కోసం సికింద్రాబాద్ రాణిగంజ్ దుకాణాలు, పాతబస్తీ జుమ్మేరాత్ బజార్, విజయవాడ ఆటోనగర్ తిరిగేవారు.

షెడ్డులో వినిపించే మాటలు చూడండి. పానా, పేచ్‌కస్, రేతీ, ఖరాద్, కమాన్, చక్కా. అసలు మరమ్మత్ అన్న మాటే అరబీ నుంచి ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి మరమ్మతు అయింది. మిస్త్రీ పోర్చుగీసు నుంచి వచ్చింది. మన షెడ్డు జబాన్ కూడా ఆ బండి లాంటిదే, తలా ఒక చోట నుంచి తెచ్చిన ముక్కలతో కట్టింది.

కానూన్ ఏమంటుంది

ఖైర్, తారీఖ్ చెప్పి పిల్లవాణ్ని ఎగదోస్తే సరిపోదు. మా భాంజాకి మొదట చెప్పింది కాగితాల సంగతే.

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం కంపెనీ ఇచ్చిన రూపాన్ని యజమాని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది. అదే ఏడు వచ్చిన సవరణతో, అనుమతి లేని మార్పుకి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జుర్మానా. ఇంజన్ మార్చాలన్నా ముందు ఆర్టీఏ ఇజాజత్ కావాలి. 2021 జులైలో 50 ఏళ్లు దాటిన బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చింది. కొత్తగా చేయించడానికి ఫీజు 20,000 రూపాయలు. కానీ ఛాసిస్, బాడీ, ఇంజన్ అసలు రూపంలో ఉన్న బండ్లకే ఆ హోదా.

కోసి అతికితేనే పుట్టిన బండికి ఇప్పుడు ఒరిజినల్‌గా ఉంటేనే ఇజ్జత్! నవ్వొచ్చినా కానూన్‌కి కారణం ఉంది. పట్టు తప్పిన వెల్డింగ్, లెక్కలేని బరువు రోడ్డు మీద జానాలు తీశాయి. మా బావ ఈ విషయంలో పక్కా మనిషి. ఆ రోజుల్లోనే ఆఫీసుల చుట్టూ తిరిగి డబ్బా మార్పు, ఇంజన్ మార్పు ఆర్.సి. బుక్కులో రాయించారు. భాంజా చేతిలో ఉన్న అసలు ఆస్తి ఆ బుక్కే. ఆర్.సి.లో లేని మార్పులున్న జీపు ఎంత సస్తాగా వచ్చినా కొనకండి.

లక్షన్నర హిసాబ్

ఇక పని సంగతి. నలుగురు పాత మిస్త్రీలను అడిగితే నలుగురూ ఒకే వరస చెప్పారు.

ముందు ఛాసిస్. సుత్తితో తట్టుకుంటూ పోవాలి. ఖణేల్ మంటే ఇనుము బతికుంది, బొద్దుగా పలికితే లోపల తుప్పు తినేసింది. రెండు మూలల నుంచి ఐమూలగా తాడు పట్టి కొలవాలి. రెండు కొలతలు కలవకపోతే ఛాసిస్ వంకర పోయింది. అది చక్కబెట్టకుండా పైన ఎంత పెట్టినా ఖర్చు దండగే.

తర్వాత బ్రేకులు, స్టీరింగ్. వీటిలో పాత సామాన్ వాడొద్దు. గేర్‌బాక్స్, యాక్సిల్, డబ్బా రేకు సెకండ్‌హ్యాండ్‌లో దొరికితే ఫర్వాలేదు. బ్రేకు పైపులు, రబ్బర్లు, వైరింగ్ మాత్రం కొత్తవే వేయాలి. పైసలు మిగుల్చుకోవాల్సిన చోటు అది కాదు.

మూడోది ఇంజన్. పూర్తిగా విప్పేముందు కంప్రెషన్ చూడాలి. రింగులు, గాస్కెట్లతో పోయేదానికి రీబోర్ దాకా వెళ్లడం ఫుజూల్. విప్పిన ప్రతి బోల్టూ డబ్బాలో వేసి పేరు రాసుకోవాలి. నెలల తర్వాత బిగించేటప్పుడు ఆ డబ్బాలే ఉస్తాద్.

రంగు ఆఖరున. కుర్రాళ్లు వీడియోలు చూసి రంగుతో మొదలుపెడతారు. చేతిలో పైసలు అయిపోయేసరికి మెరిసే బండి కదలకుండా నిలబడి ఉంటుంది. మొదట నడవాలి, ఆగాలి, ఆ తర్వాతే మెరవాలి. లక్షన్నరలో మూడోవంతు కదలకుండా పక్కన పెట్టమన్నాను. పాత బండి విప్పేదాకా తన బీమారీ చెప్పదు.

ఆపాకి నా జవాబు

ఆపాతో ఇలా చెప్పాను. అల్లాహ్ హజ్రత్ దావూద్ అలైహిస్సలామ్ చేతిలో ఇనుమును మెత్తగా చేశాడు. ఆయన పాదుషా, అయినా తన చేతి కష్టంతోనే తిన్నారు. మన ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లమ్ తన చెప్పులు తానే కుట్టుకునేవారు. గ్రీజు హలాల్ రిజ్క్‌కి అంటిన రంగు. ఉద్యోగం వద్దని నేను వాడికి చెప్పను, అది వెతుక్కుంటూనే సెలవు రోజుల్లో ఈ పని చేసుకుంటాడు. కానీ బావ హునర్‌ని చూసి సిగ్గుపడే చదువు మాత్రం వాడికి వద్దు.

వాడికి ఒక షరతు పెట్టాను. ఒక నోట్‌బుక్ పెట్టాలి. ఏ ముక్క ఎక్కడ దొరికింది, ఎంత అయింది, ఏ మిస్త్రీ ఏం నేర్పించాడు, ఆయన ఉస్తాద్ ఎవరు, అన్నీ రాయాలి. కంపెనీల తారీఖ్ కంపెనీలు రాసుకుంటాయి. షెడ్ల తారీఖ్ మనం రాయకపోతే ఎవరూ రాయరు. ఆ ఉస్తాద్‌లు ఒక్కొక్కరే వెళ్లిపోతున్నారు. మీ ఇళ్లలో పాత మిస్త్రీలు, డ్రైవర్లు ఉంటే, ఈ ఆదివారం వాళ్ల పక్కన కూర్చుని రెండు పేజీలు రాసుకోండి.

ఆపా ఇంకా హా అనలేదు. నిన్న భాంజా ఫోన్ చేశాడు. బావ పోయిన నాటి నుంచి అమ్మీ తన బీరువాలో దాచుకున్న పానాల పెట్టె తాళం చెవి, ఏమీ అనకుండా వాడి టిఫిన్ ప్లేటు పక్కన పెట్టి వెళ్లిందట.

దువాల్లో యాద్ ఉంచుకోండి. ఖుదా హాఫిజ్.