అడివి బాపిరాజు: పాట, నవల, బొమ్మల మధ్య సంబంధం

అడివి బాపిరాజు (1895–1952) పాటలు రాసి తానే పాడారు, నవలలు రాశారు, బొమ్మలు వేశారు. అందరూ ఆయనను బహుముఖ ప్రజ్ఞాశాలి అంటారు. ఈ మూడు కళలూ ఆయనలో ఎలా కలిశాయో మాత్రం ఆ మాట చెప్పదు. జీవిత వివరాలనూ రచనలనూ పక్కపక్కన పెట్టి ఆ సంగతి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

మొదట శిక్షణ. భీమవరం ప్రాంతంలో పుట్టిన బాపిరాజు రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీలో చదివారు. అక్కడి ప్రిన్సిపాల్ ఆస్వాల్డ్ కూల్డ్రే కవి, చిత్రకారుడు. ఆయన చేరదీసిన యువకుల్లో దామెర్ల రామారావు, కవికొండల వెంకటరావు కూడా ఉన్నారు. సహాయ నిరాకరణోద్యమంలో జైలుకు వెళ్లివచ్చాక బాపిరాజు బందరు ఆంధ్ర జాతీయ కళాశాలలో ప్రమోదకుమార్ ఛటోపాధ్యాయ దగ్గర చిత్రలేఖనం అభ్యసించారు. దీనికి భిన్నంగా రవీంద్రనాథ్ టాగూరు చిత్రకళలో మునిగింది అరవై దాటాక. ఆయన చిత్రాల తొలి ప్రదర్శన 1930లో పారిస్‌లో జరిగింది. బాపిరాజుకు కలం, కుంచె రెండూ యౌవనంలోనే పట్టుబడ్డాయి. కాబట్టి ఆయన చిత్రకళను రచనకు అనుబంధంగా చూడటం సరికాదు.

రెండోది వృత్తి. న్యాయశాస్త్రం చదివిన బాపిరాజు బందరు జాతీయ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. 1936లో వచ్చిన ‘అనసూయ’, ‘ధ్రువ విజయం’ సినిమాలకు కళాదర్శకత్వం వహించారు. 1940లలో హైదరాబాదు చేరి ‘మీజాన్’ తెలుగు పత్రికకు సంపాదకులయ్యారు. సినిమా అనుభవం రచనలోకి వచ్చిందనడానికి ‘కోనంగి’ నవల ఆధారం. అందులో కథానాయకుడు సినిమా నటుడవుతాడు.

మూడోది రచనలు. ‘నారాయణరావు’ 1934లో ఆంధ్ర విశ్వకళా పరిషత్తు బహుమతిని విశ్వనాథ సత్యనారాయణ ‘వేయిపడగలు’తో పంచుకుంది. ‘హిమబిందు’ శాతవాహనుల కాలానిది, ‘గోన గన్నారెడ్డి’ కాకతీయులది, ‘అడివి శాంతిశ్రీ’ ఇక్ష్వాకులది. ఈ నవలల్లో వేషభూషలు, శిల్పాలు, నగరాల వర్ణన చదివితే చిత్రకారుని చూపు కనిపిస్తుంది. అయినా ఇది బలమైన సాక్ష్యం కాదు. చారిత్రక నవలకు అలాంటి వర్ణన ఎటూ అవసరమే. కుంచె పట్టని నవలాకారులూ అది చేశారు.

ఇంతకంటే గట్టి సాక్ష్యం ఆయన చిత్రాల్లో ఉంది. విశ్వనాథ ‘కిన్నెరసాని పాటలు’కు ఆయన బొమ్మలు వేశారు. ‘శబ్దబ్రహ్మ’ అనే చిత్రంలో నాదాన్నే చిత్రవస్తువుగా తీసుకున్నారు. వినేదానిని కంటికి చూపాలన్న ప్రయత్నం ఈ రెండు చోట్లా స్పష్టం. ఇక ఆయన స్వంత గీతాల సంగతి: ‘శశికళ’ సంపుటి వాటి మాటలను మనకు అందిస్తుంది గాని గొంతును అందించలేదు. పాడటానికే రాసిన గీతాన్ని అచ్చులో మాత్రమే చదివి తూకం వేస్తే గాయకుడికి అన్యాయం జరుగుతుంది.

బాపిరాజులో పాట బొమ్మకు వస్తువైంది, వృత్తి నవలకు కథనిచ్చింది. ఈ రెండూ నిస్సందేహంగా చెప్పవచ్చు. బొమ్మ నవలను మలిచిందన్నది బలమైన ఊహ మాత్రమే. దాన్ని నిగ్గు తేల్చాలంటే సాహిత్య శాఖలు నవలలనూ, చిత్రకళా చరిత్రకారులు బొమ్మలనూ విడివిడిగా చూసే అలవాటు మానాలి. ఆయన పాటలు, చిత్రాలు, నవలలు కాలక్రమంలో ఒకేచోట ముద్రించాలి. ఆయనకు తెలుగువారు బాకీపడ్డ పని ఇది.